కంటి కటకానికి కొలెస్ట్రాల్ కాపలా

కురిచేడు, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లో ఎండలోనే బతుకంతా గడిపే రైతులకూ కూలీలకూ శుక్లం కొత్త మాట కాదు. కంటిపాప వెనుక అద్దంలా ఉండాల్సిన కటకం మసకబారడమే శుక్లం. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి 1996 నుంచి 2000 వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు ప్రాంతాల్లో జరిపిన సర్వేలో అంధత్వానికి 44 శాతం మేరకు ఇదే కారణమని తేలింది. కటకంలోని ప్రోటీన్లు ముద్దకట్టడం వల్ల శుక్లం ఏర్పడుతుంది. వాటిని ముద్దకట్టకుండా కాపాడే ఆల్ఫా క్రిస్టలిన్ గురించి హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో సిహెచ్. మోహనరావు బృందం విస్తృతంగా పరిశోధించింది. అయితే ఆ ప్రోటీన్లను చుట్టి ఉండే కణత్వచం, అంటే కణాన్ని కప్పే పలుచని కొవ్వు పొర, అంతే ముఖ్యమైనది.

కటకంలోని పోగు కణాలు ఎదిగే క్రమంలో వెలుతురుకు అడ్డు రాకుండా తమ కేంద్రకాన్నీ ఇతర అంగాలనూ కోల్పోతాయి. కాబట్టి వాటికి కొత్త భాగాలను తయారుచేసుకునే వీలుండదు. మార్కాపురం పలకల గనిలో రాతిపొరల మాదిరిగా కణాలు వరుస మీద వరుసగా పేరుకుపోగా, మనిషి పుట్టకముందే ఏర్పడినవి కటకం నడిబొడ్డున చివరిదాకా నిలిచి ఉంటాయి. అన్నేళ్లు చెక్కుచెదరకుండా ఉండవలసిన ఈ త్వచాల్లోనే శరీరంలో మరెక్కడా లేనంత కొలెస్ట్రాల్ ఉంటుంది. త్వచానికి మూలపదార్థమైన ఫాస్ఫోలిపిడ్ అణువు ఒక్కొక్కదానికి కటకం వెలుపలి భాగంలో ఒకటి రెండు, నడిబొడ్డున మూడు నాలుగు కొలెస్ట్రాల్ అణువులు ఉంటాయి. ఫాస్ఫోలిపిడ్‌ల నడుమ ఇమడలేని కొలెస్ట్రాల్ త్వచంలోనే వేరుగా, తనదైన జంటపొరగా ఏర్పడుతుంది.

ఇంత సూక్ష్మమైన అమరికను ఒక్కొక్క పరమాణువు స్థాయిలో గమనించడానికి కంప్యూటర్ అనుకరణ తోడ్పడుతుంది. ఈ పద్ధతిలో వందలాది కొవ్వు అణువులనూ వాటి చుట్టూ నీటినీ కంప్యూటర్‌లో అమర్చి, ప్రతి పరమాణువుపై పనిచేసే బలాలను లెక్కగట్టి, న్యూటన్ సూత్రాల ప్రకారం దాని తర్వాతి స్థానాన్ని కనుగొంటారు. ఒక్కో అడుగు సుమారు 2 ఫెమ్టోసెకన్లు. సెకనులో లక్ష కోట్ల వంతును మళ్ళీ వెయ్యి భాగాలు చేస్తే వచ్చేది ఒక ఫెమ్టోసెకను. సెకనులో పది లక్షల వంతు కాలం చూడాలన్నా 50 కోట్ల అడుగుల లెక్క కావాలి.

పోలండ్‌లోని క్రాకోవ్ శాస్త్రవేత్తలు అమెరికాలోని విస్కాన్సిన్ పరిశోధకుడు సుబ్చిన్స్కీతో కలిసి 2012లో ప్రచురించిన అనుకరణలో, కొలెస్ట్రాల్‌తో నిండిన త్వచంలో అణువులు నిటారుగా వరుసకట్టి, పైభాగం నునుపుగా మారడం కనిపించింది. మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో ఓకానర్, క్లౌడా 2011లోనే కొలెస్ట్రాల్ అధికంగా ఉన్న పొరలనూ, కటకంలో నీటిదారిగా ఉండే ఆక్వాపోరిన్-0 ప్రోటీన్‌నూ ఇలాగే పరిశీలించారు. కొలెస్ట్రాల్ నిండిన త్వచం గుండా ఆక్సిజన్ సులభంగా చొరబడలేదని సుబ్చిన్స్కీ బృందం ప్రయోగాలు తెలిపాయి. ఆక్సిజన్ ప్రోటీన్లను పాడుచేస్తుంది కనుక ఈ అడ్డు కటకానికి రక్షణే.

రక్తనాళాల్లో పేరుకుంటే గుండెకు ముప్పు తెచ్చే కొలెస్ట్రాలే కంటిలో చూపును నిలిపే పదార్థం. కొలెస్ట్రాల్ తయారీని చివరి మెట్టులో అడ్డుకునే ట్రైపారనాల్ మందు శుక్లాలు తెచ్చిపెట్టడంతో 1962లో అమెరికాలో దాన్ని ఉపసంహరించారు. ఆ అనుభవం చూపి వైద్యులు రాసిన నేటి మందులను ఎవరూ మానకూడదు. శుక్లానికి నేటికీ నమ్మకమైన చికిత్స ఆపరేషనే కనుక దాన్ని వాయిదా వేయకూడదు. అనుకరణల వల్ల కలిగే ప్రయోజనం వేరు: ఏళ్ల తరబడి నిలిచిన పొర వయసుతో ఏ దశలో సడలుతుందో తెలిస్తే, కటకం మసకబారకముందే దాన్ని కాపాడే మార్గాన్ని సరైన చోట వెదకవచ్చు.