ముందు చీమను గుర్తుపట్టండి, ఆ తర్వాతే మందు

తొలకరి పడగానే నాందేడ్ కొత్త కాలనీల్లో ఏటా ఒకే ఫిర్యాదు వినిపిస్తుంది. పెరట్లో చీమలు కుడుతున్నాయని. బట్టలు ఆరేయడానికి వెళ్లినవాళ్ల పాదాలు, మట్టిలో ఆడుకునే పిల్లల వేళ్లు భగ్గుమంటాయి. పొలంలో మిగిలిన పురుగుమందో, ఎవరో ఇచ్చిన పేరులేని తెల్లపొడో తెచ్చి కనిపించిన ప్రతి కన్నం చుట్టూ చల్లుతారు. నాలుగు రోజులు పెరడు నిశ్శబ్దంగా ఉంటుంది. తర్వాత గజం దూరంలో మరో కన్నం తెరుచుకుంటుంది.

దీనికి కారణాలు రెండు. కుట్టింది ఏ చీమో తేల్చుకోకుండా అన్నింటి మీదా మందు చల్లడం ఒకటి. నేల పైన తిరిగే చీమలను చంపి, లోపల గుడ్లు పెట్టే రాణిని వదిలేయడం రెండోది. ఈ రెండూ అర్థమైతే పెరటి చీమల సమస్యలో చాలా భాగం తీరుతుంది, అదీ తక్కువ విషంతో.

గింజలు మోసేవన్నీ కుట్టవు

గింజలు కూడబెట్టే చీమల గురించి వెతికితే ముందుగా అమెరికా ఎడారుల్లోని పోగోనోమిర్మెక్స్ జాతి కనిపిస్తుంది. అరిజోనా ప్రాంతపు మారికోపా చీమ విషం, ఇప్పటిదాకా కొలిచిన పురుగుల విషాలన్నింటిలో తీవ్రమైనదిగా పేరుపడింది. ఆ జాతి మన దేశంలో లేదు. అక్కడివాళ్లు రాసిన భయాలనూ మందులనూ మన పెరటికి తెచ్చుకోనక్కర్లేదు.

మన దక్కన్‌కు తనవైన గింజ చీమలున్నాయి. పుణె దగ్గర వర్షాకాలంలో చీమలు తడిసిన గడ్డి గింజలను పుట్టలోంచి బయటకు మోసుకొచ్చి కుప్పలుగా పోయడం బ్రిటిష్ సైనికాధికారి కర్నల్ సైక్స్ చూశారు. ఆయన ఆ చీమను 1835లో శాస్త్రలోకానికి పరిచయం చేశారు. ఈనాటి పేరు ఫీడోల్ ప్రావిడెన్స్. చీమలు గింజలు దాచుకుంటాయన్న పాత మాటను యూరప్ పండితులు అప్పటికి కొట్టిపారేశారు. దాన్ని మళ్లీ నిలబెట్టిన సాక్ష్యాల్లో సైక్స్‌ది ఒకటి. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన జెర్డన్ కూడా దక్షిణ భారత చీమల జాబితాను 1851లో మద్రాసు పత్రికలో ప్రచురించి, గింజలు మోసే చీమల అలవాట్లను వర్ణించారు.

ఇలాంటి పుట్టను గుర్తుపట్టడం తేలిక. ఎండ బాగా తగిలే బోసినేలలో కన్నం, దాని చుట్టూ గుండ్రంగా గట్టు, ఆ గట్టు అంచున గడ్డిగింజల పొట్టు. జొన్నలు ఆరబోసిన వాకిలైతే ఆ పొట్టులో జొన్న తొక్కలూ కనిపిస్తాయి. ట్రైకోమిర్మెక్స్ స్కాబ్రిసెప్స్ అనే చీమ పుట్ట సరిగ్గా ఇలాగే ఉంటుంది. పొద్దున్నే బారు కట్టి బయల్దేరుతుంది, తన దారిన తాను పోతుంది. నాటిన మెంతులు, ధనియాలు ఎత్తుకుపోవడమే ఇది మనకు చేసే ప్రధానమైన నష్టం.

అసలు కుట్టేది ఎవరు?

గింజలూ మోసి, మనుషులనూ కుట్టే చీమ వేరే ఉంది. దాని పేరు సోలెనాప్సిస్ జెమినేటా, ఉష్ణమండలపు నిప్పు చీమ. మనవాళ్లు ఎర్రచీమ అనేవాటిలో ఇదొకటి. దీని సొంతూరు అమెరికా ఖండం. 16వ శతాబ్దంలో మెక్సికోలోని అకపుల్కో రేవు నుంచి మనీలాకు నడిచిన స్పెయిన్ ఓడల్లో మట్టితోపాటు ఆసియాకు చేరిందని, అక్కడి నుంచి వర్తకం వెంట ప్రపంచమంతా పాకిందని 2015లో వెలువడిన జన్యు పరిశోధన తేల్చింది. ఇవాళ మన దేశంలో తోటల్లో, గట్ల మీద, ఇళ్ల పునాదుల వెంట ఇది స్థిరపడిపోయింది.

ఒకే పుట్టలో చిన్నవీ పెద్దవీ కలిసి ఉండడం దీని మొదటి గుర్తు. చిన్న చీమ రెండున్నర మిల్లీమీటర్లుంటే పెద్దది ఆరు దాకా ఉంటుంది. భూతద్దం పెట్టి చూస్తే పెద్ద చీమకు ఒంటికి మించిన చదరపు తల, దాని నడినెత్తిన పైనుంచి కిందికి ఒక గాడి కనిపిస్తాయి. ఆ తల నిండా దవడల కండరాలే. గట్టి గింజలను పగలగొట్టడం ఈ పెద్ద చీమల పని. నడుము దగ్గర రెండు చిన్న ముడులుంటాయి, వీపు మీద ముళ్లుండవు. ఒళ్లు ఎర్రటి గోధుమరంగు, పెద్దవాటి తల కాస్త ముదురు.

పుట్ట తీరు కూడా వేరు. చక్కటి గట్టు ఉండదు. పొడిపొడిగా గుల్లబారిన మట్టి, అందులో అనేక కన్నాలు. కుండీల కింద, ఇటుకల వారన, నల్లా నీళ్లు కారే చోట, గచ్చు పగుళ్లలో ఎక్కువ. నాందేడ్ నేల నల్లరేగడి, ఎండాకాలం నెర్రెలిచ్చి వానాకాలం ఉబ్బుతుంది. అందుకే ఇల్లు కట్టేటప్పుడు పునాది చుట్టూ మొరం పోస్తారు. నీళ్లు నిలవని ఆ వదులు మొరం, పక్కనే కుళాయి తడి చీమలకు అనువైన చోటు.

సందేహం ఉంటే రెండు పరీక్షలు చేయండి. పొడవాటి పుల్లతో పుట్టను కొద్దిగా కదిలించి వెనక్కి జరగండి. నిప్పు చీమలైతే క్షణాల్లో పొంగినట్టు బయటికి వచ్చి పుల్లను పట్టుకుని పైకి ఎక్కుతాయి. గింజ చీమలు చెదిరి లోపలికి పోతాయి. రెండో పరీక్షకు ఒక కాగితం మీద వేరుశనగ పలుకుల పొడి, మరో కాగితం మీద బెల్లం ముక్క పెట్టి అరగంట ఆగండి. నిప్పు చీమలకు నూనె, మాంసకృత్తులు ఉన్న తిండి ప్రీతి. పల్లీల మీద చిన్నా పెద్దా ఎర్ర చీమలు కలిసి మూగితే అనుమానం బలపడినట్టే.

కుట్టేవి మరో రెండున్నాయి. మామిడి, చింత మానుల ఎండుకొమ్మల్లో ఉండి ఒంటరిగా తిరిగే పొడవాటి చీమ టెట్రాపోనెరా, నల్ల తల, ఎర్ర నడుము, నల్ల పొట్ట. దీని పోటు కొందరిలో ప్రాణాపాయమైన అలర్జీ తెచ్చిన ఉదాహరణలు ఆసియా దేశాల్లో నమోదయ్యాయి. పుట్ట వాకిట ఈకలు, ఎండుపుల్లలు పేర్చుకునే పెద్ద నల్ల చీమ డయాకమ్మా. మనకు బాగా తెలిసిన గండుచీమకు మాత్రం కొండి లేదు, పట్టుకుంటే కొరుకుతుంది, అంతే.

కుట్టినప్పుడు

నిప్పు చీమ ముందు దవడలతో చర్మాన్ని పట్టుకుంటుంది. ఆ పట్టు వదలకుండా పొట్టను వంచి కొండి దింపుతుంది. తర్వాత దవడలే ఇరుసుగా ఒళ్లు తిప్పుకుంటూ పక్కపక్కనే మళ్లీ మళ్లీ పొడుస్తుంది. అందుకే పోట్లు వలయంలా కనిపిస్తాయి. కాలు విదిలిస్తే అది ఊడదు. చేత్తో గట్టిగా తుడిచి రాల్చాలి.

చోటు మార్చి, సబ్బుతో కడిగి, చల్లటి గుడ్డ పెట్టండి. మర్నాటికి చిన్న పొక్కు లేవవచ్చు. విషంలోని ఆల్కలాయిడ్ల వల్ల వచ్చేదే గానీ అది చీము కాదు, చిదిమితేనే చీము పడుతుంది. ఒళ్లంతా దద్దుర్లు, పెదవులో నాలుకో వాచడం, ఊపిరాడకపోవడం, కళ్లు తిరగడం, వాంతులు కనిపిస్తే అది మామూలు మంట కాదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. అక్కడ కావలసింది తొడకిచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్. ఇంటి చిట్కాలతో నిమిషాలు పోగొట్టవద్దు.

రాణి దాకా చేరే మందు

పైకి కనిపించే చీమలు పుట్టలో కొద్ది భాగమే. ఎదిగిన చీమ ఏదీ గట్టి పదార్థం మింగలేదు. తెచ్చిన గట్టి తిండిని లోపలి పిల్ల పురుగులకు పెడుతుంది. చివరి దశలోని ఆ పిల్లలు దాన్ని అరిగించి ద్రవంగా తిరిగి ఇస్తే, ఆ ద్రవం నోటినుంచి నోటికి పుట్టంతా పాకి రాణికి చేరుతుంది. తాకగానే చంపే మందు ఈ వరసను మొదటి మెట్టులోనే తెంచేస్తుంది. తెచ్చే చీమ దారిలోనే చస్తుంది, రాణికి ఏమీ కాదు. నెమ్మదిగా పనిచేసే ఎర మాత్రమే లోపలికి వెళుతుంది.

ఇంట్లో చేసుకోగలిగిన ఎర ఇది. లీటరు నీళ్లలో 100 గ్రాముల చక్కెర, 10 గ్రాముల బోరిక్ యాసిడ్ పొడి కరిగించండి. అంటే మందు 1 శాతమే. ఎక్కువ వేస్తే చీమ తెచ్చే దారిలోనే చస్తుంది లేదా ముట్టుకోదు. చిన్న డబ్బా మూతకు సన్నటి కన్నాలు చేసి, లోపల ఈ నీళ్లలో తడిపిన దూది ఉంచి, చీమల బారు పక్కన పెట్టండి. పిల్లల చేతికి, కుక్కల నోటికి అందకూడదు. రెండు మూడు రోజులకు దూది మార్చండి. ఫలితానికి రెండు మూడు వారాలు ఓపిక పట్టాలి. ఈలోగా పుట్ట మీద ఇంకే మందూ చల్లకూడదు. పల్లీ పొడికే వచ్చి తీపిని ముట్టని పుట్టకు నూనెలో కలిపిన దుకాణపు ఎర పనికొస్తుంది. అది ఇళ్లలో వాడేందుకు అనుమతి ఉన్నదై ఉండాలి, లేబుల్ చదివి కొనండి.

నాందేడ్‌లో మే నెల మధ్యాహ్నపు ఎండకు చీమలు బయటికి రావు, వానలో ఎర కరిగిపోతుంది. కాబట్టి వేసవిలో తెల్లవారుజామున, మిగతా కాలంలో వాన లేని పొడి రోజున ఎర పెట్టండి.

ఒకటి రెండు పుట్టలే ఉంటే మరిగే నీళ్లు చాలవచ్చు. చల్లటి ఉదయం చీమలు, గుడ్లు పైపొరలో ఉన్నప్పుడు 10-12 లీటర్లు నిదానంగా పోయాలి. అమెరికా వ్యవసాయ విస్తరణ శాఖల అనుభవం ప్రకారం ఇలా నూటికి 20 నుంచి 60 పుట్టలు చస్తాయి. మిగిలినవాటికి మళ్లీ పోయాల్సిందే. మొక్కల వేళ్ల దగ్గర వద్దు, కాలు జారితే మనకే ప్రమాదం.

చీమలు మళ్లీ చేరకుండా, ఆరబోసిన గింజలను సాయంత్రానికి ఎత్తేయండి, కింద రాలినవి ఊడ్చేయండి. గడ్డి వెన్ను తీయకముందే కోయండి. కుళాయి కారుడు ఆపి, గచ్చు పగుళ్లు సిమెంటుతో పూడ్చండి. బోసినేలను ఎండాకులతో కప్పితే గింజ చీమలకు కావలసిన ఎండనేల దొరకదు. బెండ, వంగ మొక్కల మొదళ్లు కూడా చూస్తుండండి, నిప్పు చీమలు అక్కడ బెరడు కొరుకుతాయి, పిండినల్లిని, పేనుబంకను కాపాడతాయి.

వాడకూడనివి

ఒకప్పుడు ఇంటింటా చల్లిన గమాక్సిన్, అంటే బీహెచ్‌సీ పొడిని, మన దేశం 1997లో నిషేధించింది. చీమలకు విరివిగా వాడిన కార్బరిల్ పొడిపై 2018లో నిషేధం వచ్చింది. ఫోరేట్ గుళికలు, డైక్లోర్వాస్ 2020 చివరితో ఆగిపోయాయి. పాత డబ్బాలో మిగిలినా, ఎవరైనా చాటుగా ఇచ్చినా ఇంటికి తేకూడదు. పొలం మందులూ అంతే. పక్కనున్న యవత్మాల్ జిల్లాలో 2017లో పత్తి చేలకు మందు కొడుతూ విషం సోకి 20 మందికి పైగా చనిపోయారు. ఆరుబయట పొలంలోనే అంత హాని చేసిన మందులు, పిల్లలు పాకే వాకిట్లో ఇంకెంత చేస్తాయో ఊహించవచ్చు. పెట్రోలు, కిరసనాయిలు కూడా వద్దు, నేల పాడవుతుంది, నిప్పంటుకుంటుంది.

నాగులచవితికి పాలు పోసే పుట్ట చెదలు కట్టింది. కుట్టే చీమలకు దానితో సంబంధం లేదు, దాని మీద మందు పోయకండి. బియ్యప్పిండి ముగ్గుతోనో, గుప్పెడు రవ్వతోనో చీమలకు ఆహారం పెట్టే ఆచారం ఉన్నవాళ్లు దాన్ని మానుకోనక్కర్లేదు. పిల్లలు ఆడే చోటు కాకుండా ప్రహరీ వారన పెడితే చాలు.

గింజ చీమలు కలుపు గింజలు తింటాయి, గట్టి నేలను తవ్వి గాలి ఆడేలా చేస్తాయి. వాటిని ఉండనివ్వండి. మనుషులు నడిచే చోట, పిల్లలు కూర్చునే చోట ఉన్న నిప్పు చీమల పుట్టను మాత్రమే ఎంచుకుని ఎర పెట్టండి. ఈ ఆదివారం పొద్దున పిల్లలను వెంటబెట్టుకుని ఒక పుల్ల, గుప్పెడు పల్లీల పొడి తీసుకుని పెరడంతా ఒకసారి చూడండి. ఏ పుట్ట ఎవరిదో తేలాకే మందుల దుకాణానికి వెళ్లండి.