తన్ను తాళగల తుపాకి దుర్భిణి: ఎన్నుకొను విధము

సేద్యగాండ్రు పంటను కాపాడుకొనుటకు పడు పాట్లలో అడవిపందుల బాధ యొకటి. మొక్కజొన్న కంకి పాలు పట్టు నాటికి మంద దిగి, ఒక్క రాత్రిలో చేనంతయు త్రొక్కి పోవుట మన సభ్యులలో ఎఱుగనివారు లేరు. అయినను 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి ఈ జంతువును ఎవరికి తోచినట్లు వారు చంపరాదు. నిలిచిన పైరునకు హాని కలుగుచున్నదని తేలినచోట, 11వ సెక్షను క్రింద అధికారము గలవారు వ్రాతమూలమున అనుమతి నిచ్చినపుడే లైసెన్సు గల కాల్పరి కాల్పవలెను. ఆ కాల్పరి తుపాకికి అమర్చు దుర్భిణిని గూర్చి, జనులు స్కోపు అని వ్యవహరించు సాధనమును గూర్చి, మేము నేడు వ్రాయుచున్నాము. రైతునకు దీనితో నేమి పని యని చదువరులు అడుగవచ్చును. మేము కన్నులార చూచిన దొకటి ముందుగా చెప్పెదము.

గడచిన పంటకాలమున అట్టి యనుమతితో వచ్చిన కాల్పరి యొకనితో మేము తెల్లవారుజామున మంచె మీద కూర్చుంటిమి. అతని చేతనున్నది .375 రైఫిలు. ఇది 1912లో ఇంగ్లండు దేశమున పుట్టిన గుండు జాతి. పెద్ద మృగములకు వాడదగినది. చేయి నిదానము గలది, గుఱి తప్పునని యెవరును తలపలేదు. గుండు ప్రేలెను. పంది కూలలేదు, తొడకు గాయముతో ప్రక్కనున్న చెఱకుతోటలో జొరబడెను. గాయపడిన పంది మనుష్యుని మీదికి వచ్చునని పల్లెలో పిల్లలకును తెలియును. రెండు దినములు కూలీలు ఆ తోటలో అడుగుపెట్టరైరి. నఱకవలసిన చెఱకు నిలిచిపోయెను. మూడవనాడు ఆ జంతువు కాలువగట్టున చచ్చి పడియుండెను. అది పడిన యాతన తలచుకొన్న మాకిప్పటికిని మనస్సు కలుక్కుమనును.

తరువాత కాల్పుల మైదానమున కాగితము మీద పరీక్షింపగా గుండు నూఱు గజముల దూరమున జానెడు ఎడమకు తగులుచుండెను. విచారింపగా ఆ దుర్భిణి అంతకు మునుపు చిన్న .22 రైఫిలు మీద నుండినదట. క్రొత్తది కొనుటకు మనసొప్పక అతడు దానినే ఊడదీసి పెద్దదానికి బిగించెను. ఆదా చేసిన సొమ్మెంత, జరిగిన నష్టమెంత?

ఇట్లేల జరుగునో లెక్క వేసి చూతము. .375 గుండు తూకము సుమారు 19 గ్రాములు. వేగము సెకనుకు 770 మీటరులు. గుండు ముందుకు పోవునంత ఊపున, మందు వాయువుల బలము తోడుకాగా, నాలుగు కిలోల తుపాకి సెకనుకు అయిదు మీటరులకు పైబడిన వేగముతో వెనుకకు తన్నును. .22 రైఫిలు తన్ను వేగము ఇందు పదవవంతైనను లేదు. గుండు గొట్టము వీడుటకు పట్టు కాలము సెకనులో వేయవవంతున కించుక మించినది. అంతలో తుపాకి హఠాత్తుగా వెనుకకు పోవుచుండగా దుర్భిణి నిలిచినచోటనే నిలువ జూచును. తుపాకిలో అమర్చిన 400 గ్రాముల దుర్భిణిని వెంట లాగుకొనిపోవుటకు ఆ మరలును పట్టెలును భరింపవలసిన బలము సుమారు 130 కిలోల బరువునకు సమానము. ఎనిమిదివందల గ్రాములదైనచో ఆ బలము రెండింతలగును. కావున పెద్ద రైఫిలునకు బరువైన దుర్భిణి గట్టిదను భ్రమ విడువవలెను. గట్టి నిర్మాణము గలవానిలో తేలికయైనదే మేలు.

బయటి గొట్టము లోపల మఱియొక సన్నని గొట్టము కలదు. తలక్రిందుగా ఏర్పడిన బొమ్మను నిలువబెట్టు అద్దములు అందుండును. గుఱిని సరిదిద్దు మరలు దానిని ఒకవైపున నొక్కుచుండగా, ఎదురువైపున నొక స్ప్రింగు పట్టియుంచును. ఆ స్ప్రింగు బలహీనమైన యెడల తన్ను తగిలినప్పుడెల్ల లోగొట్టము కదలి, మొదటి తావునకు తిరిగి రాదు. పైకి గీతయైనను పడదు. గుఱి మాత్రము చెడును. మా కాల్పరి దుర్భిణికి పట్టిన రోగ మిదియే.

ఇక ఎన్నుకొనువారు చూడవలసినవి కొన్ని కలవు. మొదటిది, ఎంత తన్నునకు ఆ దుర్భిణి తగునని తయారీదారు వ్రాతమూలమున చెప్పెనో తెలిసికొనవలెను. నోటిమాట చాలదు. రెండవది కంటిదూరము, అనగా బొమ్మ నిండుగా కనబడునపుడు కంటికిని వెనుక అద్దమునకును నడుమ నుండు ఎడము. పెద్ద రైఫిలునకు ఇది 90 మిల్లీమీటరులకు తక్కువ కారాదు. 100 ఉన్నచో మఱింత క్షేమము. చాలనిచో దుర్భిణి అంచు కనుబొమను చీల్చును. ఒకసారి అట్లు దెబ్బ తిన్నవాడు పిదప మీట నొక్కునపుడెల్ల కన్నులు మూయును. వానికి గుఱి కుదురదు.

మూడవది పెద్దదిగా చూపు శక్తి. ఒకటి మొదలు నాలుగు రెట్ల వరకు చూపునది చేని గట్టున చాలును. ముందు అద్దము 24 మిల్లీమీటరులదైనను, నాలుగు రెట్ల యొద్ద కంటికి వచ్చు వెలుగు కట్ట ఆరు మిల్లీమీటరులుండును. మసక వెలుతురున మన కంటిపాప విప్పారునది ఇంచుమించుగా నంతయే. మఱియు 1935లో జర్మనీ దేశపు జైస్ సంస్థలో స్మకుల అను శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన పూత వలన అద్దముల మీద వ్యర్థమగు వెలుగు మిక్కిలి తగ్గినది. కావున వెడల్పు మూతి గల బరువు దుర్భిణిని మోయ నక్కఱలేదు.

నాలుగవది గాలితుపాకి సంగతి. స్ప్రింగుతో పనిచేయు గాలితుపాకి తన్ను చిన్నదని చులకన చేయరాదు. ముషలకము ముందుకు దూకునపుడు తుపాకి వెనుకకును, అది కొన తాకినపుడు ముందుకును, ఇరువైపుల కుదుపును. వెనుకతన్నునకు మాత్రమే కట్టిన మంచి దుర్భిణులును దాని మీద పాడగుట కద్దు. దానికి ప్రత్యేకముగా తగునని చెప్పినదే కొనవలెను.

కొనుట సగము పని. బిగించుట తక్కిన సగము. పీఠమును పట్టు మరలలో 6-48 అనునవి మూడున్నర మిల్లీమీటరుల లావువి, 8-40 అనునవి నాలుగు మిల్లీమీటరులకు పైబడినవి; పెద్ద తన్నునకు రెండవవి మేలు. మరల మీది నూనె తుడిచి బిగింపవలెను. పట్టెను గాడిలో ముందువైపునకు, గొట్టపు మూతి దిక్కునకు, నెట్టి పిదప మరలు తిప్పవలెను. తన్ను తగిలినపుడు దుర్భిణి జారజూచునది ఆ దిక్కునకే కనుక. బలము తయారీదారు చెప్పిన కొలతకు మించరాదు. మించినచో గొట్టము నొక్కుకొని లోపలి భాగము పట్టివేయును. పట్టెకును గొట్టమునకును నడుమ సన్నని రంగు గీత యొకటి గీచి యుంచినచో జారినదీ లేనిదీ చూచినంతనే తెలియును. తుపాకికి క్రొత్తగా రంధ్రములు వేయవలసినచో లైసెన్సు గల మరమ్మతుదారు చేతనే వేయింపవలెను.

కడపట పరీక్ష. మైదానమున మూడు గుండ్లు కాల్చి, గుఱిమరను ఇరువది మెట్లు కుడికి, పైకి, ఎడమకు, క్రిందికి వరుసగా త్రిప్పుచు ప్రతిచోటను కాల్చి చూడవలెను. నలుమూలలు చుట్టి వచ్చిన గుండు మొదటి మూడింటి సరసనే పడినచో స్ప్రింగు మంచిది. పిదప ఇరువది గుండ్లు కాల్చి, తిరిగి గుఱి చూడవలెను. నిలిచినచో నమ్మవచ్చును.

మన సంఘముల కార్యనిర్వాహకులకు మా మనవి యిది. కాల్పరిని పిలిచునపుడు అనుమతి పత్రముతో పాటు, ఆ వారములో అదే తుపాకితో అదే దుర్భిణితో కాల్చిన గుఱికాగితమును చూపుమని అడుగుడు. మంచి కాల్పరి దీనికి కోపింపడు. చూపలేనివానిని చేనికి రానీయకుడు. తెల్లవాఱగనే ఆ చెఱకులో కొడవలి పట్టి దిగవలసినవారు మన కూలీలే కదా.