మీకు తెలుసా? దేశ సరిహద్దు నంబరు 2

ఎవరైనా దిద్దగల ప్రపంచ పటం ‘ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్’ 2004లో బ్రిటన్‌లో మొదలైంది. అందులో ప్రతి పాలనా సరిహద్దుకూ ‘అడ్మిన్ లెవెల్’ అనే ట్యాగు, దానికో అంకె ఉంటాయి. దేశానికి 2, మన రాష్ట్రాలకు 4. ఇరుగుపొరుగు దేశాల మధ్య గీతను రెండుసార్లు గీయరు. ఉమ్మడి గోడలా ఒకే గీత ఇద్దరికీ లెక్కలోకి వస్తుంది. విడివిడిగా గీస్తే మధ్యలో ఎవరికీ చెందని సందు మిగిలిపోతుంది మరి!

అసలు చిక్కు పొరుగు దేశం కడుపులో చిక్కుకున్న ముక్కలతో. నెదర్లాండ్స్‌లోని బార్లెలో 22 బెల్జియం ముక్కలున్నాయి. వాటిలో కొన్నింటి లోపల మళ్లీ డచ్ ముక్కలు! కొన్ని ఇళ్ల మధ్యగానే సరిహద్దు పోతుంది. బయటి చుట్టుకు ‘ఔటర్’, లోపలి ఖాళీకి ‘ఇన్నర్’ అని గుర్తు పెట్టాలి. తారుమారైతే పటంలో ఇంటికి దేశమే మారిపోతుంది. భారత్, బంగ్లాదేశ్ ఇలాంటి 162 ముక్కలను 2015 జూలై 31 అర్ధరాత్రి మార్చుకుని ఈ తలనొప్పి చాలావరకు వదిలించుకున్నాయి.

మరి వివాద ప్రాంతాలు? హక్కు ఎవరిదన్న వాదన పక్కనపెట్టి, నేల మీద ఎవరి పాలన నడుస్తోందో అదే గీయాలన్నది ఈ పటం నియమం. అందుకే ఇందులోని కశ్మీర్ గీతలు మన సర్వే ఆఫ్ ఇండియా పటంతో సరిపోలవు.