రాతిలో గజకేసరి

వరంగల్లునకు సుమారు 65 కిలోమీటర్ల దూరమున పాలంపేటలో నున్న రామప్ప గుడి చూచినవారు, చూరు క్రింద వాలుగా నిలిచిన నల్లని మృగములను మరచిపోరు. ఏనుగుపై లంఘించుచున్న సింహము. దీనికి గజకేసరి యని పేరు. ఆలయమును 1213లో కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించెను.

గోడలు ఇసుకరాతివి. స్తంభములకు, శిల్పములకు మాత్రము గ్రానైటు, డోలరైటు వాడబడినవి. ఈ రెండును కరిగిన శిలాద్రవము గడ్డకట్టుటచే ఏర్పడినవే. గ్రానైటు భూమిలో మిక్కిలి లోతున మెల్లమెల్లగా చల్లారును. కనుక దాని స్ఫటికములు కంటికి కనబడునంత పెద్దవి. డోలరైటు భూపటలపు చీలికలలోనికి చొచ్చుకొని వచ్చి త్వరగా చల్లారిన రాయి. దాని స్ఫటికములు చిన్నవి, ఒకదానిలో నొకటి అల్లుకొని యుండును. గ్రానైటులో ఉలి దెబ్బకు ఒక పలుకు ఊడినచో సన్నని గీత చెడిపోవును. డోలరైటులో ఆ భయము తక్కువ. జూలులోని వెండ్రుకలు, మెడలోని పూసలు నేటికిని స్పష్టముగా నిలిచి యుండుటకు ఇది ముఖ్య కారణము. అట్లని అది మెత్తని రాయి కాదు. శిల్పి శ్రమ ఏమియు తగ్గలేదు. ఇనుము గల ఖనిజములవలన దానికి నలుపు వచ్చినది. తరగతిలో ఈ రెండు రాళ్ళ ముక్కలను భూతద్దముతో చూపినచో విద్యార్థులకు భేదము వెంటనే బోధపడును.

ఇక ఈ మృగము రాజచిహ్నమా? స్పెయిను దేశమున 1230లో కాస్టిల్, లియోన్ రాజ్యములు ఏకమైనపుడు కోట, సింహము కలిసి రాజలాంఛనమైనవి. అచట సింహము రాజ్యము పేరునకు బొమ్మ. విచిత్రమేమనగా, లియోన్ అను పేరు సింహమునుండి కాక, సేన అను అర్థము గల లాటిన్ మాటనుండి పుట్టినది!

కాకతీయుల లాంఛనము వరాహము. అయినను రుద్రమదేవికి ‘రాయగజకేసరి’ అను బిరుదు కలదు. కళింగ రాజులు గజపతులు గనుక, ఏనుగు కళింగమనియు, సింహము కాకతీయులనియు కొందరు చెప్పుదురు. వినుటకు బాగుగనే యున్నది. కాని అదే శతాబ్దమున కళింగ రాజగు నరసింహదేవుడు కట్టించిన కోణార్క ఆలయమునందును ఏనుగునెక్కిన సింహము లున్నవి. తన చిహ్నమును తానే అణగద్రొక్కించుకొను రాజుండునా? పైగా రామప్ప గుడి పని నలువది ఏండ్లు సాగెననుకొన్నను 1253కు ముగియును. రుద్రమ స్వయముగా రాజ్యమేలినది 1262 ప్రాంతమునుండి. కావున పాలంపేట సింహములు ఆమె బిరుదును చాటునవి కాజాలవు. ఆనాటి శిల్పులందరెరిగిన పాత రూపమే యది.

వరంగల్లు కోటలోని స్వయంభూ దేవాలయ శిల్పము సంగతి వేరు. అందు సింహముపై నెక్కిన స్త్రీ చేత కత్తియు, డాలును ధరించి యున్నది. చెంతనే ఏనుగు తొండము పద్మమును పట్టి యున్నది. ఇచట మాత్రము బిరుదునే శిల్పి రాతిలో చెక్కెననుటకు బలమైన ఆధారము కలదు.