రంగు మారిన సరస్సు.. మీ రెజ్యూమెకు ఓ ప్రాజెక్టు!

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు కోసం వెతుకుతున్నారా? సీనియర్ల ఫైలుకే పేరు మార్చి పెట్టేస్తే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. బదులుగా, మహారాష్ట్ర బుల్దానా జిల్లాలోని లోనార్ సరస్సుపై ఓ కన్నేయండి.

ఏంటి దీని ప్రత్యేకత?

ఉల్క ఢీకొని దక్కన్ నల్లరాయిలో పడిన గొయ్యి ఇది. వ్యాసం దాదాపు 1.8 కిలోమీటర్లు. చంద్రుడిపైనా ఇలాంటి బసాల్ట్ రాయే ఉండటంతో అక్కడి బిలాలను అర్థం చేసుకోవడానికి శాస్త్రవేత్తలు దీన్ని పరిశీలిస్తుంటారు. నీరు ఉప్పగా, బాగా క్షారంగా ఉంటుంది. 2020 జూన్‌లో ఈ నీరు గులాబీ రంగులోకి మారింది. వానల్లేక నీరు తగ్గి, ఉప్పు శాతం పెరగడంతో హాలోఆర్కియా అనే సూక్ష్మజీవులు విపరీతంగా పెరిగాయి. ఆ రంగు వాటిదే.

ముప్పు ఎక్కడుంది?

చుట్టూ ఉన్న అడవి అభయారణ్యం. తోడేళ్లతో పాటు సుమారు 160 జాతుల పక్షులు ఇక్కడ కనిపిస్తాయి. 2020లో రామ్‌సర్ గుర్తింపూ వచ్చింది. పేరొస్తే జనం వస్తారు, స్థానికులకు ఉపాధి దొరుకుతుంది. కానీ చెత్త, మురుగు సరస్సులోకి చేరితే ఆ నీటి స్వభావమే దెబ్బతింటుంది. మంచినీరు ఎక్కువగా కలిసినా ఉప్పు పలచబడుతుంది. అంటే నీళ్లు నిండుగా కనిపించినంత మాత్రాన సరస్సు బాగున్నట్టు కాదు!

మీరేం చేయొచ్చు?

సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఉచితం. క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ కూడా ఫ్రీయే. ఏటా ఒకే నెలలో తీసిన, మబ్బుల్లేని చిత్రాలు ఎంచుకోండి. గ్రీన్, నియర్ ఇన్‌ఫ్రారెడ్ బ్యాండ్లతో ఎన్‌డీడబ్ల్యూఐ లెక్కిస్తే నీరున్న విస్తీర్ణం తెలుస్తుంది. గ్రాఫ్ గీసి, వర్షపాతంతో పోల్చండి. చేయి తిరిగాక అదే పద్ధతిని మన కొల్లేరుపై ప్రయత్నించండి.

ఒక్కటి గుర్తుంచుకోండి. రంగు మారిందని ఉపగ్రహం చెబుతుంది. ఎందుకు మారిందో తేల్చాల్సింది నీటి నమూనాలే. మీ ప్రాజెక్టుకున్న ఈ పరిమితిని మీరే చెప్పగలిగితే, పని నిజంగా మీరే చేశారని ఎదుటివాళ్లకు అర్థమవుతుంది.

దారులు ఇవీ..

జీఐఎస్‌పై ఆసక్తి కలిగితే డెహ్రాడూన్‌లోని ఐఐఆర్ఎస్ ఆన్‌లైన్ కోర్సులు చూడండి. హైదరాబాద్‌లోనే ఎన్ఆర్ఎస్సీ ఉంది. అడవులవైపు మనసు లాగితే, యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్షకు ఇంజినీరింగ్ డిగ్రీ ఉన్నవాళ్లూ అర్హులే. జియాలజీలో పీజీ చేసినవాళ్లకు కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష ఉంది.

ఒక్క ప్రాజెక్టుతో ఉద్యోగం వచ్చేస్తుందని చెప్పను. కానీ ‘మీరేం చేశారు?’ అని అడిగితే చూపించడానికి మీదైన ఓ మ్యాప్ ఉంటుంది. ఈ ఆదివారం రెండు చిత్రాలు డౌన్‌లోడ్ చేయండి, చాలు.