మీ ఈమెయిల్ చిరునామా వారికెలా తెలిసింది?

భిలాయి-3: ఉక్కు కర్మాగారంలోనూ, చరోదా రైల్వే యార్డులోనూ ఉద్యోగాల కోసం వచ్చి ఈ పరిసరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. ఆ తరంలో పలువురు నేడు పింఛనుదారులు. లైఫ్ సర్టిఫికెట్ సమర్పించకుంటే పింఛను నిలిచిపోతుందని, ఫలానా లింకు నొక్కమని వారిలో ఒకరికి నకిలీ ఈమెయిల్ వచ్చిందనుకుందాం. చిరునామా సరే, ఆయన పింఛనుదారుడన్న సంగతి పంపినవారికి ఎవరు చెప్పారు?

మెయిల్‌ను ఎవరో హ్యాక్ చేశారని చాలామంది భావిస్తారు. సాధారణంగా అంత శ్రమ అవసరం ఉండదు. 1978 మే 3న అమెరికాలో గ్యారీ థ్యూర్క్ అనే మార్కెటింగ్ ఉద్యోగి కంప్యూటర్ల ప్రచారం కోసం దాదాపు 400 మందికి ఒకే సందేశం పంపారు. తొలి స్పామ్‌గా పేరొందిన ఆ సందేశానికి చిరునామాలు దొరికింది అర్పానెట్ వినియోగదారుల అచ్చు డైరెక్టరీలోనే.

నాడు చేత్తో చేసిన ఆ పనిని నేడు ప్రోగ్రాములు చేస్తున్నాయి. అవి వెబ్ పుటలను ఒక్కొక్కటిగా తిరగేస్తూ ‘ఎట్’ గుర్తు ఉన్న ప్రతి పదాన్నీ ఏరుకుంటాయి. మన ప్రభుత్వ వెబ్‌సైట్లలో అధికారుల చిరునామాల్లో ఆ గుర్తుకు బదులు ‘ఎట్’ అని, చుక్కకు బదులు ‘డాట్’ అని అక్షరాల్లో రాయడం వీటిని తప్పించుకోవడానికే. అయితే సంఘాల సభ్యుల జాబితాలు, ఎంపికైన అభ్యర్థుల పట్టికలు ఇంకా యథాతథంగా ఇంటర్నెట్‌లోకి ఎక్కుతూనే ఉన్నాయి.

అసలు బెడద జాబితాల వ్యాపారం. 2023 మార్చిలో సైబరాబాద్ పోలీసులు 16.8 కోట్ల మంది వివరాలు అమ్ముతున్నారన్న ఆరోపణపై ఏడుగురిని అరెస్టు చేశారు. అందులో 2.55 లక్షల మంది రక్షణ సిబ్బంది హోదాలు, ఈమెయిల్ చిరునామాలు, పనిచేసే చోట్లు కూడా ఉన్నాయి. 50 వేల మంది వివరాలు కేవలం రూ.2,000కే దొరికేవని పోలీసులు వెల్లడించారు. అంటే మనిషికి నాలుగు పైసలు! మరికొద్ది రోజులకే, 24 రాష్ట్రాలకు చెందిన 66.9 కోట్ల మంది, సంస్థల సమాచారంతో ఫరీదాబాద్‌కు చెందిన మరొకరు పట్టుబడ్డారు. ఆ సరుకు వృత్తి, ఆదాయం, చదువు ప్రకారం విడదీసి ఉంటుంది. కాబట్టే పింఛనుదారుకు పింఛను మాట, విద్యార్థికి ప్రవేశ పరీక్ష మాట చేరుతుంది.

ఈ వివరాలు తొలుత బయటపడేది మనం నమ్మి ఇచ్చిన చోటనే. కోచింగ్ దరఖాస్తు, లక్కీ డ్రా చీటీ, రుణ యాప్, ఇలా ఎక్కడైనా కావచ్చు. సంస్థ అమ్మకపోయినా దాని సర్వర్ల నుంచి చోరీ కావచ్చు. సీటా అనే సంస్థ వ్యవస్థపై సైబర్ దాడి వల్ల సుమారు 45 లక్షల మంది ప్రయాణికుల వివరాలు బయటపడ్డాయని 2021లో ఎయిర్ ఇండియా ప్రకటించింది. ఒకసారి నకలు బయటికి వెళ్లాక దానిని వెనక్కి రప్పించే మార్గం లేదు.

ఊహించి పంపేవారూ ఉన్నారు. ప్రచారంలో ఉన్న పేర్లకు పుట్టిన సంవత్సరాలు జోడిస్తూ లక్షల చిరునామాలకు సందేశాలు వదులుతారు. ఆ సందేశంలో కంటికి కనిపించని చిన్న బొమ్మ ఉంటుంది. మెయిల్ తెరవగానే అది పంపినవారి సర్వర్ నుంచి లోడవుతుంది. చిరునామా వాడుకలో ఉందని వారికి తెలిసిపోతుంది. మెయిల్ సెట్టింగుల్లో బొమ్మలు వాటంతటవే తెరుచుకోకుండా ఆపితే ఈ ఎత్తు సాధారణంగా పారదు. అపరిచిత సందేశంలోని ‘అన్‌సబ్‌స్క్రైబ్’ నొక్కినా ఇదే ఫలితం. బ్యాంకు, పింఛను వ్యవహారాలకు ఒక చిరునామాను ప్రత్యేకించి, దుకాణాలకు, యాప్‌లకు మరొకటి ఇవ్వడం మేలు.

ఒప్పందాన్ని ఉల్లంఘించి వ్యక్తిగత సమాచారాన్ని దురుద్దేశంతో బయటపెడితే ఐటీ చట్టం 72ఎ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. సమాచార భద్రతలో విఫలమైన సంస్థకు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం రూ.250 కోట్ల వరకు జరిమానా నిర్దేశించింది. లింకు నొక్కి డబ్బు పోగొట్టుకున్నవారు వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి.