జానా బెత్తెడు బొమ్మకు ఎర్ర ముసుగు

బొమ్మకు గౌను ఎవరైనా కుట్టేస్తారండీ. తలమీద ముసుగుండే క్లోక్ కుట్టి చూడండి, తెలుస్తుంది! మా చెల్లెలి కూతురికి తిరుమలలో గుండు చేయించారు. ఇంటికొచ్చి, తనకు తోడుగా బార్బీ జుట్టూ కత్తిరించేసింది. తీరా దాన్ని చూసుకుని ఒకటే ఏడుపు. ‘లిటిల్ రెడ్ రైడింగ్ హుడ్’ కథల పుస్తకం పట్టుకొచ్చి, “పెద్దమ్మా, దీనికీ ఇలాంటిది కుట్టవా?” అంది. ఫ్రెంచి రచయిత షార్ల్ పెరో 1697లో అచ్చువేయించిన కథ. ఇన్నేళ్లయినా పిల్లలకు ఆ ఎర్ర ముసుగంటే మోజే.

బార్బీ ఎత్తు 11.5 అంగుళాలు. మనిషి కొలతల్ని ఆరో వంతుకు తగ్గించొచ్చు గానీ గుడ్డ మందాన్ని తగ్గించలేం కదా! వెల్వెట్ అయితే గొడుగులా విచ్చుకుని నిలబడుతుంది. అందుకే ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత నూలు చీర ముక్క తీసుకున్నా. అర్ధచక్రంలా కత్తిరిస్తే భుజాల మీంచి చక్కగా జారుతుంది. ముసుగు కొలతకు ఒక భుజం నుంచి తలమీదుగా రెండో భుజం దాకా దారం పట్టి చూడాలి. జుట్టున్న బొమ్మకైతే ఇంకాస్త వదులివ్వాలి. మా దానికి ఆ బాధ లేదు! ముసుగు అడుగంచుకు సన్నగా కుచ్చులు పట్టి మెడకు కలిపితే, తల వెనక గుండ్రంగా నిలుస్తుంది.

అసలు భయమంతా ఎరుపుతోనే. రంగు దిగి బొమ్మ ప్లాస్టిక్‌లోకి ఇంకిందంటే ఓ పట్టాన వదలదు. గుడ్డను నీళ్లు తేటపడేదాకా జాడించి, లోపల తెల్ల లైనింగ్ వేశా. మెడ దగ్గర కుట్టేసిన రిబ్బన్ చాలు. చిన్నపిల్లలున్న ఇంట్లో పూసలూ గుండీలూ వద్దు, ఊడితే నేరుగా నోట్లోకే.